హదా కనుమ దిగుతూ

తాయిఫ్ నుంచి మక్కా వైపు దిగే హదా కనుమ దారిలో, పిట్టగోడలపై బబూన్ కోతుల గుంపులను మనవలు లెక్కపెడుతున్నారు. అద్దెకు తీసుకున్న ఆటోమేటిక్ కారును మా అబ్బాయి, పెట్రోలు ఆదా అవుతుందని, న్యూట్రల్‌లోకి మార్చాడు. సగం దారిలోనే బ్రేకుల నుంచి కమురు వాసన! పక్కన ఆపించాను.

నేటి కార్లలో గేరు ఉంచి యాక్సిలరేటర్ వదిలితే, వాలులో ఇంజనుకు పెట్రోలు దాదాపు ఆగిపోతుంది. చక్రాలే ఇంజనును తిప్పుతాయి, ఆ శ్రమకే వేగం తగ్గుతుంది. న్యూట్రల్‌లోనైతే ఇంజను ఆరిపోకుండా పెట్రోలు తాగుతూనే ఉంటుంది. భారమంతా బ్రేకులదే, అవి కాగితే పట్టు సడలుతుంది. ఆదా ఎక్కడ?

బ్రేకులు చల్లారాక ‘ఎల్’ గేరులో దిగాం. ఇంజను హోరు పెరిగింది, వేగం పెరగలేదు.

“అబ్బాజాన్, కారే పట్టుకుంటోంది” అన్నాడు వాడు. మనవలు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు.