సైప్రస్ దీవిలో ఒక పిట్ట

లార్నకా ఉప్పుచెరువు చేరేసరికి అప్పుడే తెల్లవారుతోంది. పక్షులను చూడటానికి సైప్రస్ దీవికి వచ్చేవారు తప్పక ఆగే చోటిది. శీతకాలపు నీళ్లలో ఫ్లెమింగోలు బారులు తీరి మేస్తున్నాయి. ఆవలిగట్టున చెట్ల నడుమ హాలా సుల్తాన్ తెక్కె మసీదు. మన పులికాట్ జ్ఞాపకం వచ్చి ప్రాణం లేచివచ్చింది.

చిన్న పిట్టలను చూపిస్తానని టాక్సీ నడిపే ముసలాయన ఒక దానిమ్మతోటకు తీసుకుపోయాడు. కొమ్మల్లో దోపిన పుల్లకు ఓ పిట్ట అంటుకుని తలక్రిందులుగా వేలాడుతోంది. నల్లటోపీ పెట్టినట్టున్న తల, బ్లాక్‌క్యాప్ అంటారు. పుల్లకు పూసిన బంక ఏమిటనుకున్నారు? మన నక్కెరచెట్టు జాతి పండ్లను ఉడికించి తీసినదే! చిన్నప్పుడు మేము కాగితాలు అంటించుకున్న బంక ఇక్కడ యమపాశమైంది.

ఈ వేటను 1974లోనే నిషేధించారు. అయినా అంబెలోపూలియా అనే ఈ పిట్టల వంటకం చాటుమాటున అమ్ముడవుతూనే వుంది.

ముసలాయన వేలిని ఉమ్మితో తడిచేసుకుని, ఒక్కొక్క ఈకే విడదీశాడు.

"చిన్నతనంలో నేనూ ఈ పుల్లలు పెట్టినవాణ్ణేనండీ," అన్నాడు తలెత్తకుండా.

అరచేయి విప్పాడు. పిట్ట క్షణం సేపు అక్కడే కూర్చుని, తుర్రున ఎగిరిపోయింది. ఆయన పుల్లను రెండుగా విరిచి పారేసి, తోటలో ఇంకెన్ని వున్నాయోనని వెతుకుతూ ముందుకు సాగాడు. నేనూ వెంట నడిచాను.