రెండు సెకన్ల గీత, రెండు నిమిషాల మసక

జైపూర్ పాత ఊళ్లో వీధులు నిటారుగా ఉంటాయి, గోడలన్నీ ఒకటే గులాబీ రంగు. హైదరాబాద్ పాతబస్తీలో చార్మినార్ కనిపిస్తే చాలు, ఎక్కడున్నామో తెలిసిపోతుంది. ఇక్కడ ఏ మలుపు తిరిగినా అవే కిటికీలు. హవామహల్ చుట్టూ తిరిగి చివరికి ఒక బండి దగ్గర జంతర్ మంతర్ వేధశాలకు దారి అడిగాను. బండాయన ముందుగా వేడివేడి ఉల్లిపాయ కచోరీ చేతిలో పెట్టి, తర్వాత దారి చెప్పాడు. మన మిరపకాయ బజ్జీ ఇష్టమైనవాళ్లకు ఇదీ నచ్చుతుంది.

లోపల అన్నిటికంటే ముందు పలకరించేది సామ్రాట్ యంత్రం. 18వ శతాబ్దంలో జైపూర్ రాజు సవాయి జైసింగ్ కట్టించిన ఈ నీడ గడియారం ఎత్తు 27 మీటర్లు! ఏటవాలు గోడ ధ్రువ నక్షత్రం వైపు చూస్తుంటుంది. దాని నీడ పక్కనున్న వంపు మీది గీతల్ని దాటుకుంటూ పోతుంది. అతి చిన్న గడి రెండు సెకన్లు. బడిలో వెర్నియర్ కాలిపర్స్‌తో పాటు నేర్చుకున్న ‘కనీసపు కొలత’ ఇదే, ఒక పరికరం మీద చదవగలిగే అతి చిన్న విలువ. నీడ నిమిషానికి ఆరు సెంటీమీటర్లకు పైగా జరుగుతుంది. కదలిక కళ్లకు కనిపిస్తుందండీ!

"నీడ అంచు ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి సార్" అన్నాడు గైడు. వంగి చూస్తే అంచు లేదు. బెత్తెడు కంటే వెడల్పున మసక. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బింబం. అది పూర్తిగా గోడ చాటుకు వెళ్లడానికి రెండు నిమిషాలు పడుతుంది. గైడు సన్నటి పుల్లను రాతికి దగ్గరగా పట్టి మసకలోకి జరిపాడు. పుల్ల నీడ పలచబడుతూ ఒకచోట మాయమైంది. మళ్లీ మళ్లీ చేసినా దాదాపు అక్కడే. కొలిచిన ప్రతిసారీ విలువలు ఇలా దగ్గర దగ్గరగా రావడమే ఖచ్చితత్వం.

అసలు విలువకు దగ్గరగా ఉండడం వేరే సంగతి, దాన్ని యథార్థత అంటారు. నీడను నా చేతి గడియారంతో పోల్చి దాన్ని చూద్దామంటే, గడియారం నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన. ఆ రేఖ మన కాకినాడ దగ్గరగా పోతుంది. జైపూర్ దానికి పడమరగా ఉంది కాబట్టి ఇక్కడ సూర్యుడు దాదాపు 27 నిమిషాలు వెనక. దీనికి తోడు రోజును బట్టి మారే సవరణ మరొకటి. ఈ రెండూ లెక్కలోకి తీసుకుంటేనే నీడా గడియారమూ కలుస్తాయి.

ఇంత పెద్ద కట్టడం ఎందుకంటే, ఇత్తడి పరికరాల ఇరుసులు అరిగి కేంద్రాలు జరిగిపోతాయని జైసింగ్ తన ఖగోళ గ్రంథం ముందుమాటలో రాసుకున్నాడు. అందుకే రాయీ సున్నమూ నమ్ముకున్నాడు.

మీరు వెళ్తే ఎండ బాగా ఉన్న పొద్దున వెళ్లండి. పక్కనే ఉన్న చిన్న సామ్రాట్ యంత్రాన్నీ వదలకండి. దాని కనీసపు కొలత 20 సెకన్లు. మసక మాత్రం అక్కడా రెండు నిమిషాలే.