కప్పు తెచ్చిన కెప్టెన్

1911 ఏప్రిల్ 26. మాంచెస్టర్‌లో ఎఫ్‌ఏ కప్ ఫైనల్. లండన్‌లో నాలుగు రోజుల ముందు ఒక్క గోలూ పడకపోవడంతో మళ్లీ ఆడుతున్నారు. బ్రాడ్‌ఫర్డ్ సిటీ కెప్టెన్ జిమ్మీ స్పియర్స్ తలతో కొట్టిన బంతి న్యూకాజిల్ గోల్‌లో పడింది. ఆ ఒక్క గోలే కప్పు తెచ్చింది. విశేషమేంటంటే, ఆ కొత్త కప్పు తయారైందీ బ్రాడ్‌ఫర్డ్ నగల వ్యాపారుల చేతుల్లోనే!

గ్లాస్గోలో పుట్టిన స్పియర్స్ రేంజర్స్, క్లైడ్ జట్లకు ఆడి ఇంగ్లండ్ వచ్చాడు. 1912లో లీడ్స్ సిటీకి మారాడు. ఇంతలో మొదటి ప్రపంచయుద్ధం. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు. సైన్యంలో చేరి తీరాలన్న చట్టం అప్పటికింకా రాలేదు. అయినా 1915లో తనంతట తానే చేరాడు. ధైర్యసాహసాలకు మిలటరీ మెడల్ అందుకున్నాడు. 1917 ఆగస్టులో బెల్జియంలోని పాషెండేల్ పోరులో నేలకొరిగాడు. అప్పటికి 31 ఏళ్లే.

బ్రాడ్‌ఫర్డ్ సిటీ ఆ కప్పును మళ్లీ గెలవలేదు. తెచ్చిపెట్టినవాడు బెల్జియం మట్టిలోనే ఉండిపోయాడు.