మన నీళ్ళలో కాల్షియం ఎంత?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో నీటి ప్రస్తావన వస్తే మాట ఎప్పుడూ దాని పరిమాణం మీదకే వెళుతుంది. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ మొదలుకొని కొల్లాపూర్ దగ్గరి సోమశిల దాకా, పక్కనే నది పారుతున్నా ఈ నేల తరతరాలుగా ఎరిగినది కొరతే. అందువలన బోరులో నీరు పడితే చాలునని సంతోషించడం మనకు అలవాటైంది. ఆ నీటిలో ఏమున్నదన్న ప్రశ్న ఆలస్యంగా పుట్టింది. పుట్టిన తరువాత కూడా, దానికి జవాబు చెప్పేవారు గుమ్మం దాకా వచ్చి, ఒక అంకె చూపి, ఒక యంత్రం అమ్మి వెళ్ళిపోతున్నారు. ఆ అంకెను నమ్మవచ్చునా, నమ్మాలంటే ఏమి చేయాలి అన్నది మా కుటుంబం కొన్ని నెలల పాటు ఓపికగా నేర్చుకున్న పాఠం. దానిని పాఠకులతో పంచుకోవాలనిపించింది.

మా కుటుంబం మూడు చోట్ల ఉన్నది. మేము వనపర్తిలో, ఆపా గద్వాలలో, మా పెద్దమ్మాయి నాగర్‌కర్నూల్ సమీపంలోని ఒక పల్లెలో. మూడిళ్ళకూ మిషన్ భగీరథ నల్లా ఉన్నది, బోరూ ఉన్నది. నల్లా రాని రోజున వుజూకు, వంటకు, ఒక్కోసారి తాగడానికి కూడా బోరు నీళ్ళే ఆధారం. మా బోరు నీళ్ళతో చాయ్ గిన్నె అడుగున తెల్లని పొర కడుతుంది. కందిపప్పు ఎంతసేపు ఉడికినా బద్దగానే మిగులుతుంది. సబ్బు నురగ కట్టదు. ఇవన్నీ కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్న నీటి లక్షణాలేనని అందరికీ తెలుసు. కానీ 'ఎక్కువ' అంటే ఎంత?

ఆ ప్రశ్న మాకు అవసరమైనది అమ్మీ కారణంగా. ఆమెకు మూత్రపిండంలో రాయి ఉన్నదని తేలిన వారంలోనే నీటి శుద్ధి యంత్రాలు అమ్మే వ్యక్తి ఒకరు మా ఇంటికి వచ్చారు. చిన్న మీటరును బోరు నీటిలో ముంచి, వచ్చిన అంకెను చూపి, "ఇదంతా కాల్షియమే, అమ్మగారి రాయికి కారణమిదే" అన్నారు. తరువాత రెండు గ్లాసులలో లోహపు కడ్డీలు దించి కరెంటు పెట్టారు. బోరు నీళ్ళు గోధుమరంగు మడ్డిగా మారాయి. యంత్రపు నీళ్ళు తేటగా నిలిచాయి. అమ్మీ ఆ గ్లాసును చూసి భయపడ్డారు. మరునాటి నుండి పాలు మానేశారు, పెరుగు మానేశారు, ఎంతో ఇష్టమైన రాగిజావ కూడా మానేశారు. నీటిలోనే ఇంత కాల్షియం ఉంటే తిండిలో కూడా ఎందుకన్నది ఆమె వాదన. డెబ్బై ఏళ్ళ మనిషి, ఎముకలు పలుచబడే వయసు.

ఆ మీటరు కొలిచేది కాల్షియాన్ని కాదు. నీటి గుండా విద్యుత్తు ఎంత సులువుగా ప్రవహిస్తున్నదో కొలిచి, దానిని కరిగిన లవణాల మొత్తంగా అంచనా వేసి చూపుతుంది. అందులో సోడియం ఎంతో, కాల్షియం ఎంతో దానికి తెలియదు. చిటికెడు వంట ఉప్పు వేసినా అంకె పెరుగుతుంది. ఇక ఆ కడ్డీల ప్రదర్శనలో గోధుమరంగు వచ్చేది ఇనుప కడ్డీ కరగడం వలన. యంత్రపు నీటిలో లవణాలు తక్కువ గనుక కరెంటు పారదు, కడ్డీ కరగదు. అదే నీటిలో ఇంత ఉప్పు వేసి కడ్డీలు దించితే అదీ మడ్డిగానే మారుతుంది.

అప్పుడు మాకు తోడుగా వచ్చినవాడు జిద్దాలో ఉన్న మా తమ్ముడు. అతడు అక్కడ సముద్రపు చేపల తొట్లు అమ్మే దుకాణంలో పని చేస్తాడు. కొన్ని తొట్లలో పగడపు జీవులు కూడా పెరుగుతాయి. ఖుర్ఆన్ చదివే ఇళ్ళలో 'మర్జాన్' అన్న మాట తెలియనిది కాదు. పగడమనే దానికి ఎక్కువమంది చెప్పే అర్థం. ఆ జీవి తన గూడును కాల్షియం కార్బనేటుతో, అంటే మన చాయ్ గిన్నెకు అంటుకునే సున్నపు పొర ఏ పదార్థమో దానితోనే కట్టుకుంటుంది. సముద్రపు నీటిలో లీటరుకు ఇంచుమించు 410 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తొట్టిలో అది తగ్గితే పగడం ఎదగదు. అతిగా కలిపితే సున్నమంతా ఒక్కసారిగా గడ్డకట్టి తొట్టి పాడవుతుంది. అందుచేత అక్కడివారు కాల్షియాన్ని కొలవడంలో మహా జాగ్రత్తపరులు. (మన దేశంలో పగడపు దిబ్బలు కట్టే జీవులు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉన్నాయి, వాటిని సేకరించడం, అమ్మడం నేరం. తొట్టి కోసం ఎవరూ ఆశపడవద్దు.)

"భాయ్‌జాన్, ఒక్క అంకె చూసి తొట్టిలో ఏదీ పోయవద్దని మా సేఠ్ మొదటి రోజే చెప్పాడు. మీరు ఒక్క అంకె చూసి అమ్మీ పాలు మాన్పిస్తారా?" అన్నాడు తమ్ముడు ఫోనులో. ఆ మాటతో మేము చుక్కల కిట్టు తెప్పించాము.

దాని పద్ధతి సులభమైనది. కొలిచిన నీటిలో క్షారాన్ని కలిపితే మెగ్నీషియం పక్కకు తప్పుకుంటుంది. సూచిక పొడి వేయగానే నీరు గులాబీ రంగు పొందుతుంది. ఆపైన ఈడీటీఏ అనే ద్రావణాన్ని ఒక్కొక్క చుక్కగా వేయాలి. ప్రతి చుక్కా కొంత కాల్షియాన్ని పట్టి బంధిస్తుంది. అంతా బంధింపబడిన క్షణాన రంగు ఊదాగా మారుతుంది. చుక్కల సంఖ్యను కిట్టు మీద వ్రాసిన అంకెతో గుణిస్తే లెక్క తేలుతుంది. ప్రయోగశాలలో బ్యూరెట్టుతో చేసేదీ ఈ పనే.

ఒకే సీసాలోని నీటికి మొదటి రోజున ఒకరి చేతిలో 14 చుక్కలు పడితే, మరొకరి చేతిలో 17 పడ్డాయి. ఏది నిజం? తమ్ముడు నవ్వి, ఒక్కొక్క కారణాన్నే వెదికించాడు. వాటిని క్రమంగా వ్రాస్తున్నాము.

మొదటిది నీటి సేకరణ. బోరు మోటారును కొన్ని నిమిషాలు నడిచిన తరువాత, సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, గాలి లేకుండా అంచు దాకా నింపి, ఆనాడే పరీక్షించాలి. నిలువ ఉంటే సున్నం సీసా గోడలకు అంటుకొని, నీటిలో కాల్షియం తక్కువగా కనిపిస్తుంది.

రెండవది కొలత. పరీక్షకు తీసుకునేది 5 మిల్లీలీటర్లే. అందులో అర మిల్లీలీటరు తేడా వచ్చిందంటే ఫలితంలో పదవ వంతు తప్పినట్లే. కిట్టులోని మూత గీతను నమ్మక, మందుల దుకాణంలో దొరికే సూది లేని సిరంజితో, గాలిబుడగ లేకుండా కొలవాలి.

మూడవది చుక్క. సీసాను నిటారుగా తలక్రిందులు చేస్తే ఒక పరిమాణం, ఏటవాలుగా వంచితే మరొక పరిమాణం. 14కూ 17కూ నడుమ తేడా చాలావరకు ఇక్కడిదే. ఎవరు చేసినా నిటారుగానే పట్టాలి. ప్రతి చుక్కకూ నీటిని తిప్పి, కాసేపు ఆగాలి.

నాల్గవది రంగు. పగటి వెలుతురులో, తెల్ల కాగితం మీద పెట్టి చూడాలి. ఇంకొక చుక్క వేసినా రంగు మారకపోతే, దానికి ముందరి చుక్క దగ్గరే లెక్క ఆగుతుంది. ఇద్దరు వేర్వేరుగా చేసి, ఒకరి అంకె మరొకరికి చెప్పకుండా కాగితం మీద వ్రాసుకోవాలి. ముందే అంకె విన్నవారి కంటికి ఆ అంకె దగ్గరే రంగు మారినట్లు తోస్తుంది.

ఐదవది కిట్టును పరీక్షించడం. ఇదే అన్నింటికన్నా ముఖ్యమైనది. తూకం వేసేవాడు ముందు తన రాళ్ళను సరిచూసుకోవాలి కదా. స్వేదన జలాన్ని పరీక్షిస్తే సున్నకు దగ్గరగా రావాలి. మన నీటిలో సమానంగా స్వేదన జలం కలిపి చూస్తే ఫలితం సగానికి సగం రావాలి. ఇవి ఇంట్లోనే చేయదగినవి. అయితే మందు బలం తగ్గినదీ లేనిదీ తెలియాలంటే, కాల్షియం ఎంతో ముందే తెలిసిన ద్రావణం కావాలి. మాకు తెలిసిన రసాయనశాస్త్ర అధ్యాపకులొకరు 1 గ్రాము శుద్ధమైన కాల్షియం కార్బనేటును సజల హైడ్రోక్లోరికామ్లంలో కరిగించి, సరిగ్గా లీటరు చేసి, అందులో నుండి మాకు ఒక చిన్న సీసా ఇచ్చారు. అందులో కాల్షియం లీటరుకు 400 మిల్లీగ్రాములు. దానిని పలుచబరచి మా కిట్టుతో కొలిచి, సరిగా చూపుతున్నదని తెలిసిన తరువాతనే మూడిళ్ళ నీళ్ళ జోలికి వెళ్ళాము. మన పాలమూరు ఎండలకు ఈ మందులు చెడిపోతాయి. గడువు తేదీ చూడాలి, చల్లని చీకటి చోట ఉంచాలి.

ఇంతలో గద్వాలలో మరొక కలత. దూల్హాభాయ్ తమ బోరు నీటిని ప్రయోగశాలకు పంపితే 'మొత్తం కఠినత్వం 420' అని వచ్చింది. కాల్షియానికి హద్దు 200 అని ఎక్కడో చదివిన ఆయన, రెట్టింపు విషమని బెంగపడ్డారు. ఆ 420 కాల్షియం కాదు. కాల్షియం, మెగ్నీషియం రెంటినీ కలిపి, కాల్షియం కార్బనేటు లెక్కలో చెప్పిన అంకె. ఆ లెక్కను కాల్షియంలోకి మార్చాలంటే 2.5తో భాగించాలి. 420 మొత్తమూ కాల్షియం వల్లనే అనుకున్నా 168 మాత్రమే. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో కాల్షియం 75 మిల్లీగ్రాములలోపు ఉంటే మంచిది. వేరే నీరు లేనప్పుడు 200 దాకా అనుమతిస్తారు. కఠినత్వానికి ఆ హద్దులు 200, 600. ఏ అంకె ఏ పేరుతో ఉన్నదో చూడకుండా పోల్చితే నిక్షేపమైన నీరు కూడా విషంగా కనిపిస్తుంది.

మా బోరులోని కాల్షియం కూడా ఆ 200 హద్దులోపే తేలింది. ఆ కాగితం తీసుకొని అమ్మీని డాక్టరు గారి దగ్గరకు తీసుకొనిపోయాము. ఆయన మొదట అడిగింది కాల్షియాన్ని గురించి కాదు, రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతున్నారని. రాళ్ళలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేటువే. తిండిలోని కాల్షియం పేగులోనే ఆక్సలేటును పట్టుకొని బయటికి పంపుతుంది గనుక, పాలు పెరుగు పూర్తిగా మానేయడం మేలు చేయదని వివరించారు. 1993లో అమెరికాలో 45 వేలకు పైగా పురుషులను పరిశీలించిన ఒక అధ్యయనంలో, ఆహారంలో కాల్షియం ఎక్కువగా తీసుకున్నవారికే రాళ్ళు తక్కువగా వచ్చినట్లు తేలింది. అమ్మీకి మళ్ళీ పెరుగన్నం మొదలైంది. ప్రతి రాయీ ఒక్క రకం కాదు గనుక, ఎవరి విషయం వారి డాక్టరు చెప్పవలసిందే.

ఇక మూడవ ఇల్లు. పల్లెలోని మా అమ్మాయి వాళ్ళ బోరు నీటిని అందరూ మెచ్చుకునేవారు. పప్పు మెత్తగా ఉడుకుతుంది, సబ్బు నురగ కడుతుంది, గిన్నెకు పొర అంటదు. మా కిట్టులో కూడా కొద్ది చుక్కలకే రంగు మారింది. సంతోషించవలసిన ఫలితమే. కానీ మాకు ద్రావణం ఇచ్చిన అధ్యాపకులు ఆ అంకె చూసి, "అయితే ఫ్లోరైడు చూపించండి" అన్నారు.

కారణం ఇదీ. మన నేల అడుగున ఉన్నది ఎక్కువగా గ్రానైటు జాతి రాయి. ఫ్లోరైడు దానిలోని ఖనిజాల నుండే నీటిలో కరుగుతుంది. నీటిలో కాల్షియం దండిగా ఉంటే అది ఫ్లోరైడుతో కలిసి, సులభంగా కరగని కాల్షియం ఫ్లోరైడుగా అడుగుకు చేరుతుంది. కాల్షియం తక్కువై సోడియం ఎక్కువగా ఉన్న మెత్తని నీటిలో ఫ్లోరైడు కరిగి నిలిచే అవకాశం ఎక్కువ. అంటే నాలుకకు మంచినీరు అనిపించినదే పళ్ళకు, ఎముకలకు చేటు కావచ్చు. మన దేశంలో ఈ వ్యాధిని మొదట గుర్తించి 1937లో వెల్లడించినది కూడా తెలుగు నేల మీదనే, నేటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో. నల్లగొండ బాధ మనకు తెలిసినదే.

ప్రయోగశాల జవాబు వచ్చింది. ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాముల హద్దును దాటింది. ఆ ఇంట్లో నాలుగేళ్ళ మనవడు, రెండేళ్ళ మనవరాలు. శాశ్వత దంతాలు చిగుళ్ళ లోపల రూపు దిద్దుకునే వయసు అదే. మరిగించినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. కఠినత్వం తగ్గించే యంత్రం కూడా దానిని తీయదు. ఆనాటి నుండి ఆ ఇంట్లో తాగడానికీ వంటకూ నల్లాలో వచ్చే కృష్ణా నీళ్ళనే మూత ఉన్న డ్రమ్ములో పట్టి ఉంచుతున్నారు. బోరు నీళ్ళు వుజూకు, బట్టలకు, గొడ్లకొట్టం కడగడానికి.

మీ బోరు నీటిని కూడా ఒకసారి వేసవిలో, ఒకసారి వానల తరువాత పరీక్షించండి. కాల్షియం, కఠినత్వం, ఫ్లోరైడు మూడూ విడివిడిగా అడగండి. తేదీతో సహా ఒక పుస్తకంలో వ్రాసుకోండి. జల జీవన్ మిషన్ కింద ప్రతి గ్రామంలో ఐదుగురికి, వీలైనంతవరకు మహిళలకే, క్షేత్ర పరీక్ష కిట్లు వాడడం నేర్పాలన్న నియమం ఉన్నది. మీ పల్లెలో వారెవరో పంచాయతీలో కనుక్కోండి. ఫ్లోరైడుకు రంగు పోల్చి చూసే కిట్టు ఉజ్జాయింపు మాత్రమే చెబుతుంది. హద్దుకు దగ్గరగా కనిపిస్తే ప్రయోగశాలకు పంపండి. నీళ్ళు ఎంత రుచిగా ఉన్నా, ఇంట్లో ఎనిమిదేళ్ళలోపు పిల్లలుంటే ఈ పనిని వచ్చే నెలకు వాయిదా వేయకండి.