నలభై మంది శత్రువులు, ఒక బొటనవేలు

వీడియో ఆటలను గురించి వైద్యుడు వ్రాయబూనితే పాఠకులు సహజంగా హెచ్చరికలనే ఎదురుచూస్తారు. అవీ ఉన్నాయి, చివరికి వస్తాను. అంతకుముందు గెలాగా అనే ఒక పాత ఆట, ఆటల వయసు ఏనాడో దాటిన నన్ను ఎందుకు కట్టిపడేసిందో మీకు చెప్పవలసి ఉంది.

ఫిల్మ్‌నగర్‌లో, దైవసన్నిధానం గుట్టకు దిగువన, నాకొక మిత్రుడున్నారు. మద్రాసు రోజులనుండి సినిమాలకు ఎడిటింగ్ చేసి, పరిశ్రమతోపాటే హైదరాబాదుకు తరలివచ్చినవారు. ఫిల్ము ముక్కలను చేత్తో కత్తిరించి అతికించిన తరం. నిరుడు ఆయనకు స్వల్పంగా పక్షవాతం వచ్చింది. మాట, నడక త్వరగానే కుదుటపడ్డాయి గాని ఎడమచేతి బొటనవేలు మాత్రం చెప్పినట్టు వినడం మానేసింది. ఫిజియోథెరపిస్టు ఇచ్చిన రబ్బరు బంతి రెండు వారాలకే సోఫా క్రిందికి చేరింది. "ఒకే షాటును వందసార్లు చూడమంటే చూస్తానండీ డాక్టరుగారూ, ఒకే బంతిని వందసార్లు పిసకమంటే నావల్ల కాదు" అన్నారు.

ఆ మాటను తేలికగా తీసిపారేయకండి. పక్షవాతం తరువాత చేయి తిరిగి పనిచేయాలంటే మందులకన్న అభ్యాసం ప్రధానం. దెబ్బతిన్న భాగం చేసే పనిని మెదడులోని ఇతర భాగాలు నేర్చుకోవాలి; అది ఒకే కదలికను వందల పర్యాయాలు చేసినప్పుడే సాధ్యమవుతుంది. మొదటి కొన్ని నెలలు అందుకు మిక్కిలి అనువైన కాలం. నా రోగులలో చాలామంది నొప్పికి లొంగలేదు, విసుగుకు లొంగిపోయారు.

అప్పుడు మనుమడు అటక మీదినుండి పాత టీవీ గేమ్ సెట్టును దించాడు. జపానులో నింటెండో సంస్థ 1983లో విడుదల చేసిన ఫ్యామిలీ కంప్యూటర్‌కు నకళ్ళుగా ఒకప్పుడు మన బజార్లను ముంచెత్తిన పెట్టెలలో అదొకటి. పసుపుపచ్చ క్యాసెట్టును తీసి, ఊది, మళ్ళీ పెట్టిన జ్ఞాపకం మీలో కొందరికైనా ఉండకపోదు. అందులోదే ఈ గెలాగా. నామ్కో సంస్థ 1981లో తయారుచేసింది. 1985లో ఇంటి టీవీకి వచ్చింది.

చూడబోతే ఏమీ లేదు. నల్లని ఆకాశం, జారిపోయే చుక్కలు, అడుగున ఒక తెల్లని నౌక. అది ఎడమకో కుడికో కదులుతుంది, పైకి కాలుస్తుంది, అంతే. శత్రువులు తేనెటీగల్లా, సీతాకోకచిలుకల్లా వంపులు తిరుగుతూ వచ్చి బారులు తీరుతారు. మొత్తం నలభై. తరువాత ఒక్కొక్కరే విడివడి మన మీదికి దూకుతారు. కుడి బొటనవేలు కాలుస్తుంది. నౌకను నడపవలసింది ఎడమ బొటనవేలు. మా మిత్రునికి పనిచేయనిది అదే.

ఆయన ఆటను ఎడిటరు కంటితోనే చూశారు. శత్రువుల నాయకుడు ఒక్కొక్కసారి సగం దూరం దిగివచ్చి, ఒక కాంతిపుంజాన్ని వదిలి మన నౌకను ఎత్తుకుపోతాడు. మనకు మరొక నౌక మిగిలి ఉంటేనే ఆట సాగుతుంది. ఆ నాయకుడు మళ్ళీ దూకినప్పుడు గురి తప్పకుండా కొడితే, బందీ అయిన నౌక తిరిగివచ్చి మన నౌక ప్రక్కన చేరుతుంది. ఇక రెండు నౌకలు, రెట్టింపు తూటాలు. "ఇంటర్వెల్‌కు హీరో ఓడిపోవాలి, సెకండాఫ్‌లో డబుల్ యాక్షన్!" అన్నారు మిత్రుడు. 1964లో రామారావుగారి ద్విపాత్రాభినయంతో 'రాముడు భీముడు' తీసిన రామానాయుడుగారి స్టూడియో ఉన్న పేటలో ఆ పోలిక తోచడంలో వింత లేదు. అయితే జంట నౌకకు వెడల్పు ఎక్కువ గనుక దెబ్బ తగిలే అవకాశమూ ఎక్కువే. తెలిసి ఒక ప్రాణాన్ని పణంగా పెట్టాలా వద్దా అని నేను సోఫాలో కూర్చుండి తీవ్రంగా ఆలోచించిన క్షణంలోనే ఆట నన్ను పట్టుకుంది.

ఇంకొక రెండు సంగతులు నన్ను ఆకట్టుకున్నాయి. ఒంటరి నౌకనుండి వెలువడిన తూటాలు తెరమీద ఒకేసారి రెండుకు మించి ఉండవు. కంగారుపడి కాల్చినవాడు ఆ తూటాలు తెర దాటేదాకా నిరాయుధుడే. రెండవది, ఆట ముగిశాక వచ్చే నివేదిక: కాల్చినవి ఎన్ని, తగిలినవి ఎన్ని, శాతం ఎంత. ప్రయోగశాల రిపోర్టులు చదివి జీవితం గడిపినవాడికి ఇంతకన్న ఏమి కావాలి!

ఈ ఆకర్షణకు శరీరశాస్త్రంలో ఆధారముంది. 1998లో లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రి పరిశోధకులు, ట్యాంకును నడిపే ఒక వీడియో ఆట ఆడుతున్న ఎనిమిది మంది పురుషుల మెదళ్ళను పరీక్షించి, డోపమిన్ విడుదల పెరిగిందని చూపారు. 2003లో గ్రీన్, బవేలియే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వేగవంతమైన ఆటలు దృష్టికి సంబంధించిన ఏకాగ్రతను మెరుగుపరుస్తాయని ప్రకటించారు. దీన్ని పట్టుకొని జ్ఞాపకశక్తి పెంచుతామనే ఆప్‌లకు చందాలు కట్టకండి. ఆటలో వచ్చిన నేర్పు చాలావరకు ఆ ఆటకే పరిమితం.

ఫిజియోథెరపిస్టు ఈ సంగతి బాగా ఎరిగిన మనిషి. రోజుకు ఇరవై నిమిషాలు ఆడనిచ్చి, వెంటనే చొక్కా గుండీలు ఎడమచేత్తో పెట్టించేది. మూడు నెలలకు మా మిత్రుడు తన గుండీలు తానే పెట్టుకున్నారు. ఇందులో ప్రకృతి వాటా ఎంత, గుండీల వాటా ఎంత, గెలాగా వాటా ఎంత అని విడదీయలేము. ఒక్క రోగి అనుభవం ప్రమాణం కాదు. అభ్యాసం మాత్రం ఒక్కరోజు కూడ ఆగలేదు. దానికి కారణం ఆటే.

ఇక హెచ్చరికలు. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్ ఆట వలన మణికట్టు నొప్పి, మూర్ఛ వచ్చిన సందర్భాలు 1981లోనే వైద్యపత్రికలకెక్కాయి. 1990లో బొటనవేలి నొప్పికి నింటెండో పేరే పెట్టారు. మూర్ఛవ్యాధి ఉన్నవారు, పక్షవాతం తరువాత ఫిట్లు వచ్చినవారు తమ వైద్యుని అడగకుండా ఇటువంటి మెరుపుల ఆటలు ఆడకూడదు. గదిలో దీపం వెలుగుతూ ఉండాలి, టీవీకి ఆరేడు అడుగుల దూరంలో కూర్చోవాలి. తెర చూస్తున్నంతసేపు రెప్పపాట్లు తగ్గుతాయి గనుక నడుమ నడుమ కిటికీలోనుండి దూరంగా చూడాలి. వేలు నొప్పెడితే ఆనాటికి ఆట చాలించాలి. నిద్రకు ముందు వద్దేవద్దు. మా మిత్రుని ఇంట రాత్రి తొమ్మిది దాటాక సెట్టు అడాప్టరు మనుమడి బీరువాలో ఉంటుంది, తాళంచెవి ఆయన భార్య దగ్గర.