నంబరు లేని ఇంజన్

"ఎంతకు తీస్కున్నరు సార్?"

స్కూటరు స్టాండు వేసి ఇంకా తాళం చెవి జేబులో పెట్టుకోలేదు, ఉస్తాద్ నన్ను అడిగిన మొదటి మాట ఇది. నేను మొత్తం చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, పక్కనున్న కుర్రాడి వంక చూశాడు. కుర్రాడు తల వంచుకుని స్పానర్లు సర్దసాగాడు. నాకు విషయం అప్పుడే అర్థం కావాల్సింది.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మోటార్లు, బేరింగులు, బెల్టులు అమ్మే దుకాణాల మధ్యనుంచి లోపలికి పోతే, ఒక సందు చివర ఈ రేకుల షెడ్డు ఉంది. బోర్డు లేదు. పాత స్కూటర్ల పిచ్చి ఉన్నవాళ్లు ఒకరి నోట ఒకరు విని వస్తారు. నాకూ అలాగే తెలిసింది. గోడకు వేలాడే టైర్లు, నూనె మరకలతో నల్లబడ్డ నేల, కిరోసిన్ నింపిన ఇనుప తట్ట. ఉస్తాద్‌కి డెబ్భై దగ్గర పడి ఉంటాయి. కళ్లద్దాలకు తాడు కట్టి మెడలో వేసుకుంటాడు.

నా బండి సంగతి చెప్పాలి. ఆర్‌సీలో వెస్పా 150 అని, 1968 అని ఉంది. అమ్మినాయన మాత్రం "ఇటలీ ఇంజన్ సార్, ఒరిజినల్" అన్నాడు. బాడీకి ఆకాశనీలం రంగు కొత్తగా వేశారు, క్రోమ్ మెరిసిపోతోంది. నేను ఆ మెరుపుకే పడిపోయాను. ఇంటికి తెచ్చాక ఆర్‌సీలోని ఇంజన్ నంబరును బండి మీద చూసుకుందామంటే ఎక్కడా కనబడలేదు. ఆ పని కొనక ముందు చెయ్యాలని ఎవరైనా అంటారు. నాతోనూ అందరూ అన్నారు, కొన్న తర్వాత.

"ఇంజన్ ఎవలదో చెప్పాల్నంటే ముందుగాల దాని మొఖం కడగాలె" అన్నాడు ఉస్తాద్. కుర్రాడు కుడివైపు డిక్కీ తీశాడు. వెస్పా జాతి బండ్లన్నిటికీ ఇంజన్ కుడిపక్కనే, చైను లేకుండా గేర్ల నుంచి నేరుగా చక్రానికే బిగించి ఉంటుంది. హెలికాప్టర్లు గీసిన కొర్రాదినో దస్కానియో అనే ఇంజనీరు 1946లో వేసిన నక్ష అది. అందుకే ఈ బండి ఎంత పాతబడినా మనిషిలా ఒకవైపు ఒరిగే నడుస్తుంది. కుర్రాడు కిరోసిన్‌లో ముంచిన బ్రష్షుతో ఏళ్లనాటి మట్టి, జిడ్డు రుద్దుతుంటే కింద అల్యూమినియం తెల్లగా బయటపడింది.

వెనక షాక్ అబ్జార్బర్ ఇంజన్‌ను పట్టుకునే చోట, కేసు చేయి మీద, నంబరు ఉండాలి. ఇటలీ లెక్కలో దానికి ఒక అందం ఉంది. ఛాసిస్ నంబరు ముందు వచ్చే అక్షరాల చివర టి ఉంటుంది, టెలాయో అంటే ఫ్రేము. అదే బండి ఇంజన్‌కైతే చివర ఎం, మోతోరె అంటే ఇంజన్. వీబీబీ1టి అనే ఫ్రేములో వీబీబీ1ఎం అనే ఇంజన్ ఉండాలి. స్ప్రింట్ ఫ్రేము వీఎల్‌బీ1టి అయితే ఇంజన్ వీఎల్‌బీ1ఎం. భార్యాభర్తల ఇంటిపేరులా ఒకటే, చివరి అక్షరం తప్ప.

ఉస్తాద్ వేలితో తడిమాడు. తర్వాత నా వేలు పట్టుకుని అక్కడ పెట్టాడు. చుట్టూ పోతపోసిన లోహం గరుగ్గా, ఇసక తగిలినట్టుంది. ఆ అంగుళం మేర మాత్రం అద్దంలా నున్నగా ఉంది.

"గీకిన్రు."

అంతే అన్నాడు. టీ తెమ్మని కుర్రాణ్ని పంపాడు.

నంబరు పోయినా ఇంజన్ నోరు మూతపడదని ఆయన నమ్మకం. కార్బొరేటర్ ఊడదీశాడు. దాని మీద స్పాకో అని ఉంది. ఇటలీ డెలోర్టో నమూనాను మన దేశంలో తయారుచేసే కంపెనీ అది. అంటే ఇటలీ ఇంజన్ కాదన్నట్టే కదా అన్నాను. ఆయన నవ్వాడు. "కార్బొరేటర్ చెప్పు లెక్క సార్. అరిగితే మారుస్తరు. చెప్పు చూసి మనిషిని గుర్తువడ్తమా?"

కార్బొరేటర్ కూర్చున్న రంధ్రంలోకి టార్చి వేసి చూడమన్నాడు. లోపల నున్నటి ఉక్కు అంచు కనబడింది. మాగ్నెట్‌ను చేత్తో తిప్పితే ఆ ఉక్కు జరిగి, ఒక కోత వచ్చి, మళ్లీ ఉక్కు వచ్చింది. వెస్పా ఇంజన్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇక్కడే తెలిసింది. పెట్రోలు, గాలి కలిసి లోపలికి పోవడానికి విడిగా తలుపు లేదు. క్రాంకు చక్రమే కేసు గోడకు ఆనీ ఆననట్టు రాసుకుంటూ తిరుగుతుంది. చక్రం అంచున ఉన్న కోత రంధ్రం ముందుకు వచ్చినప్పుడు దారి తెరుచుకుంటుంది, కోత దాటగానే మూసుకుంటుంది. గోడకూ చక్రానికీ మధ్య సందు వెంట్రుకవాసి. చిన్న రాయి లోపల పడి ఆ గోడ గీసుకుపోతే కేసు మొత్తం దండగ. ఇటలీ వాళ్లు ఈ పద్ధతికి వచ్చాకే పెట్రోలులో నూనె రెండు శాతానికి తగ్గింది. లీటరుకు 20 మిల్లీలీటర్లు. మన బంకుల్లో 2టీ ఆయిల్ అంటూ కొలిచి పోసిన లెక్క అదే.

"ఇక్కడ రేకు పలకలు కనవడితే ఎల్‌ఎంఎల్ దిక్కు చూస్తుంటి" అన్నాడు ఉస్తాద్. కాన్పూరు ఎల్‌ఎంఎల్ తర్వాతి ఇంజన్లలో గాలి పీల్పుతో తెరుచుకునే సన్నటి రీడ్ పలకలు పెట్టింది. నా ఇంజన్‌లో అవి లేవు. ఎల్‌ఎంఎల్ తర్వాతి ఇంజన్లను కొట్టేశాం.

మధ్యలో చాయ్. షెడ్డు మూలన గోనెపట్టా కప్పిన ఇంకో స్కూటరు ఉంది. పట్టా పక్కకు తీసి చూస్తే పుష్పక్. ఆల్విన్ పుష్పక్! మా వీధిలో ఒకాయనకు ఉండేది, పొద్దున్నే ఆయన దాన్ని పక్కకు వంచి, లేపి, మళ్లీ వంచి కిక్కు కొడుతుంటే వీధంతా లేచేది. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ ఫ్రిజ్‌లూ బస్సు బాడీలూ వాచీలూ చేసింది, స్కూటర్లనూ వదల్లేదు. పుష్పక్ లోపలిది లాంబ్రెట్టా రక్తం. మిలాన్‌లో ఇన్నోసెంటీ వాళ్లు లాంబ్రెట్టా ఆపేసినప్పుడు యంత్రాలను మన ప్రభుత్వం కొని, 1972లో లక్నోలో స్కూటర్స్ ఇండియా పెట్టింది. విజయ్ సూపర్ అక్కడిదే. తర్వాత ఎనభైల్లో ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ పేరుతో పటాన్‌చెరులో వెస్పా పీఎల్ 170 కూడా తయారైంది. ఒకే ఊరు ఒకప్పుడు లాంబ్రెట్టా పక్షం, తర్వాత వెస్పా పక్షం. వాటిని నడిపినవాళ్లలో చాలామందికి అది ఏ పక్షమో పట్టలేదు, మైలేజీ ఎంతో పట్టింది.

"అయితే నాది పుష్పక్ ఇంజన్ కావచ్చా?" అని అడిగి నవ్వులపాలయ్యాను. లాంబ్రెట్టాలో ఇంజన్ బండికి నడిమధ్యన ఉంటుంది, చక్రాన్ని చైనుతో తిప్పుతుంది. వెస్పా బొజ్జలో అది పట్టదు. కొలతలు మాత్రం కవలల్లా ఉంటాయి. లాంబ్రెట్టా 150 బోరు 57 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 58. వెస్పా 150 బోరు 57, నడక 57. ఆ ఒక్క మిల్లీమీటరు తేడాతో ఒకటి 148 సీసీ, ఇంకొకటి 145.

హెడ్డు విప్పారు. నల్లటి మసి కింద పిస్టన్ నెత్తిన ఏదో అంకె ఉందని ఉస్తాద్ బ్లేడుతో మెల్లగా గీశాడు. 0.50. తర్వాత గుడ్డతో తుడిచి వెర్నియర్ పెట్టాడు. 57.5 దాటి రవ్వంత. పిస్టన్‌ను కిందికీ పైకీ నడిపి లోతు కొలిస్తే 57.

కొలతలు వచ్చాయి గానీ వాటితో ఏం తేలిందో నాకు అర్థం కాలేదు. ఆయన నేల మీద సుద్దముక్కతో రాసి చెప్పాడు. ఇటలీలో 1978 నుంచి వచ్చిన పీ150ఎక్స్ బోరు 57.8. ఎల్‌ఎంఎల్ వాళ్ల వెస్పాలదీ అదే వంశం. పాత వీబీబీ, స్ప్రింట్, మన బజాజ్ చేతక్, వీటన్నిటిదీ 57. సిలిండరు అరిగినప్పుడల్లా బోరింగ్ చేసి కాస్త పెద్ద పిస్టన్ వేస్తారు. అలా 57తో పుట్టినది 57.5 అవుతుంది.

"బోరు పెద్దగయితది సార్, చిన్నగ కాదు. 57.8తోని పుట్టినది 57.5కు రాదు."

"స్లీవ్ వేస్తే?"

ఆయన నా వంక మొదటిసారి కాస్త మర్యాదగా చూశాడు. స్లీవ్ వేసి ఉంటే సిలిండరు పై అంచున ఉంగరంలా గీత కనబడుతుంది. లేదు. ఇంకో వంశం మొత్తం పోయింది.

ఇక మిగిలింది ఇటలీ పాతదా, మన బజాజా అన్నదే. నిజానికి ఈ రెండూ తల్లీపిల్లలు. బజాజ్ 1960ల మొదట్లో పియాజియో లైసెన్సుతో ఇక్కడ స్కూటర్లు చేయడం మొదలుపెట్టింది, బండి మీద వెస్పా అనే పేరు. ఆ లైసెన్సు 1971లో ముగిసింది. మరుసటి ఏడాది అదే అచ్చులోంచి రాణా ప్రతాప్ గుర్రం పేరుతో చేతక్ వచ్చింది, 1976లో బజాజ్ సూపర్. లైసెన్సు కాగితం చెల్లకపోయినా పోత అచ్చులు చెల్లాయి. అందుకే ఇటలీ వాళ్ల ఇంజన్‌కు మన నట్టు సరిపోతుంది, మన బాడీలో వాళ్ల ఇంజన్ కూర్చుంటుంది. పాత బండ్ల వ్యాపారమంతా ఆ సరిపోవడం మీదే నడుస్తోందని నాకు అనిపించింది.

ఉస్తాద్ సిలిండరు కూడా పైకి లాగేశాడు. దాన్ని బోర్లించి వెలుతురుకు పట్టి, లోపలి కిటికీలు లెక్కపెట్టమన్నాడు. కింద కేసులో నలిగిన మిశ్రమం పిస్టన్ పైకి చేరే దారులవి. పాత వీబీబీకి రెండే. ఇటలీలో 1969లో వచ్చిన స్ప్రింట్ వెలోచేతో మూడోది చేరింది. నా సిలిండరులో మూడున్నాయి. సిలిండరు మారి ఉండొచ్చు, అది చాలదు. కేసు మూతి దగ్గర కూడా మూడో దారి ఉంది. మెకానిక్కులు ఆకురాయితో తవ్వి పెట్టిన దారికి గీతలుంటాయట. ఆయన అక్కడ కూడా నా వేలు పెట్టించాడు. గరుగ్గా ఉంది. అంటే పోతలోనే వచ్చింది.

కాబట్టి 1968 నాటి ఇంజన్ కాదు. మాగ్నెట్ కింద పాయింట్లు లేవు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉంది, దాన్ని ఆయన చూసీ చూడనట్టు వదిలేశాడు. ఎవరైనా ఎప్పుడైనా మార్చుకోగలిగిందే.

"ఇటలీ వెలోచేది కూడ కావచ్చు గని, నా లెక్కల బజాజ్‌దే. డెబ్బైల తర్వాతది. సూపరా, చేతకా అంటే చెప్పలేను." సూపర్‌కు 8 అంగుళాల చక్రాలు, చేతక్‌కు 10. నా బండి చక్రాలు 8వే. కానీ అవి 1968 బాడీతో వచ్చినవి, ఇంజన్‌తో కాదు. డ్రమ్ము మార్చుకుంటే సరిపోతుంది. అక్కడితో ఆయన ఆగాడు. ఇంకో మెకానిక్ అయితే ఏదో ఒకటి చెప్పి పంపేవాడేమో. ఆయన చెప్పలేనన్నది విన్నాకే అంతకు ముందు చెప్పినవన్నీ నాకు గట్టిగా అనిపించాయి.

బజాజ్ ఇంజన్ చెడ్డదేం కాదు. నాకు ఇటలీ పోయిందన్న బాధ కూడా పెద్దగా లేదు. నా బాధ వేరే. షెడ్డులో పనిచేయించుకుంటున్న ఇంకో పెద్దమనిషి, అప్పటిదాకా మాట్లాడనివాడు, నెమ్మదిగా అన్నాడు: "ఆర్‌సీలో ఉన్న నంబరే కొట్టించెయ్యరాదు? ఎవలు చూస్తరు?"

ఉస్తాద్ లేచి బీరువా లాంటి చెక్కపెట్టె తెరిచి పంచుల డబ్బా తెచ్చాడు. తొమ్మిదే పంచులు. పదో అంకె ఏదని అడిగాను. ఆరును తలకిందులు చేస్తే తొమ్మిది, అందుకు వేరే పంచు అక్కర్లేదు. ఆ డబ్బా నా ముందు పెట్టి, తాను రెండు ఇంజన్లు ఒకేసారి విప్పినప్పుడు ముక్కలు కలిసిపోకుండా గుర్తులు వేసుకోవడానికి తప్ప దీన్ని తియ్యనన్నాడు.

"గీకినోడు ఊకనే గీకడు సార్. ఇది ఎవల ఇంట్లకెల్లి పోయిందో."

పంచుతో నంబరు కొట్టినప్పుడు పై గీత ఒక్కటే పడదు, అడుగున ఉన్న లోహం కూడా నొక్కుకుపోతుంది. పైన ఎంత రాకినా ఆ నొక్కుడు కింద ఉండిపోతుంది. ఫోరెన్సిక్ ల్యాబుల్లో రసాయనం పూసి పాత అంకెలను మళ్లీ తేలుస్తారు. దాని మీద కొత్త నంబరు కొడితే దొంగసొమ్ముకు నా సంతకం పెట్టినట్టే. ఇంజన్ మార్చుకోవడం తప్పు కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించే. ఆర్టీఏ అనుమతి తీసుకుని, కొత్త ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. ఎక్కించడానికి నంబరు ఉండాలి, ఇంజన్ ఎక్కడిదో చెప్పే కాగితం ఉండాలి. నా దగ్గర ఆకాశనీలం రంగు ఉంది.

అమ్మినాయనకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు.

సాయంత్రానికి ఇంజన్‌ను బాడీలోంచి దించి పాత టైరు మీద కూర్చోబెట్టారు. కాగితాలున్న కేసు ఎక్కడైనా దొరికితే కబురు చేస్తానని, అప్పటిదాకా బండి ఇక్కడే ఉండనీయమని ఉస్తాద్ అన్నాడు. పాత ఇంజన్ సంగతి పోలీస్ స్టేషన్‌లో రాసిచ్చి రమ్మన్నాడు, అది కూడా రేపే. కూలీ ఎంతని అడిగితే చాయ్ డబ్బులు నన్ను ఇమ్మన్నాడు.

నేను బయల్దేరుతుంటే అట్ట ఊడిన చిట్టా పుస్తకం తీశాడు. బండి రంగు, ఛాసిస్ నంబరు, నా ఫోన్ నంబరు రాశాడు. ఇంజన్ అని ఉన్న గడి దగ్గర పెన్ను కాసేపు ఆపి, కళ్లద్దాలు సర్దుకుని రాశాడు: బజాజ్, బోరు 57.5, కిటికీలు 3, నంబర్ గీకినది.