ఒకే యింటి రెండు చెట్లు

నా తప్పొకటి మీతో చెప్పుకొనవలెను. ఇంటి ద్వారబంధమునకని మా చేని గట్టున నున్న వేగిస చెట్టును కొట్టించితిని. గొడ్డలి దెబ్బకు ఎఱ్ఱని బంక కారగా, ఎఱ్ఱచందనమేమోయని బెదరితిని. కొట్టువాడు నవ్వి, “కాదయ్యా, దాని అన్నదమ్ములలోనిది” అనెను.

అది నిజమే. రెండింటి పూవులును పసుపుపచ్చనివే. రెండింటి కాయలును బిళ్లవలె గుండ్రనై, చుట్టును రెక్క కలిగియుండును. అయితే ఎఱ్ఱచందనపు రెమ్మకు సాధారణముగ మూడు ఆకులు, వేగిసకు అయిదు లేక ఏడు.

ఎఱ్ఱచందనము ముఖ్యముగ శేషాచలము, వెలిగొండ, లంకమల ప్రాంతపు కొండలలోనే పెరుగును. 1995లో దాని అంతర్జాతీయ వ్యాపారమునకు కట్టుబాట్లు వచ్చినవి. ప్రకృతి పరిరక్షణకైన అంతర్జాతీయ సంఘము దానిని అంతరించు ప్రమాదమున నున్న జాతిగా ఎంచినది. వేగిస దేశమున అనేక అడవులలో కలదు గనుక, దానిని ఆ ప్రమాదమునకు చేరువైన జాతిగా వ్రాసినది.

చేరువ యనగా దూరము కాదు గదా! కలపకు నరకుదురు, మధుమేహమునకని దాని చేవతో లోటాలు చేయుదురు. విస్తారముగ నున్నదను ధైర్యముతోనే నేనును గొడ్డలి ఎత్తించితిని. ఎఱ్ఱచందనమునకు కావలివారున్నారు, గట్టుమీది వేగిసకు ఎవరున్నారు?

ఎండిన కాయలు ఏరి తెచ్చి నాటితిని. మూడు మొలిచినవి. మీ గట్టున వేగిస యున్నయెడల, దానికి మీరే కావలి.